ఫార్మాట్ కొట్టేయడమేనా?

మన హాస్టల్లో ఎవరి లాప్‌టాప్ మొరాయించినా ముందుగా వినపడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టెయ్ రా!" తలనొప్పికి తల తీయించుకోమన్నట్టుంది ఈ వైద్యం.

ప్రాజెక్టు ఇవ్వడానికి ఇంక రెండు రోజులుందనగా మా రూమ్మేట్ సెకండ్‌హాండ్ లాప్‌టాప్ లినక్స్ గుర్తు దగ్గరే ఆగిపోయింది. చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. ప్రాజెక్టంతా అందులోనే. బజార్లో షాపతను చూసీ చూడకుండానే "ఫార్మాటే. 800 అవుతుంది. డేటాకి గ్యారంటీ లేదు" అన్నాడు. మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ రాత్రి మేం చేసింది బ్రహ్మవిద్యేమీ కాదు. ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కితే గ్రబ్ మెనూ వచ్చింది (పాత బయాస్ మిషన్లలో అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి). అక్కడ 'ఇ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైన్లో 'క్వయట్ స్ప్లాష్' అన్న రెండు మాటలూ చెరిపి ఎఫ్ 10 కొట్టాం. మిషను నోరు మూయించి, ముందు బొమ్మ అడ్డం పెట్టేవి ఆ రెండు మాటలే! అవి పోగానే అక్షరాలు జలజలా దిగివచ్చి గ్రాఫిక్స్ డ్రైవరు పేరు దగ్గర నిలిచిపోయాయి. జబ్బెక్కడో అదే చెప్పేసింది. ఈసారి అదే లైన్లో 'నోమోడ్‌సెట్' చేర్చాం. అంటే తెరను సర్దే పని కెర్నల్‌ను మానుకోమనడం. బొమ్మ ముతకగానైనా వచ్చింది. ముందు ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లోకి, ఆ తర్వాతే వేరే డ్రైవరు. పైగా ఆ మెనూలో చేసిన మార్పు ఆ ఒక్కసారికే. తప్పు రాసినా మళ్ళీ ఆన్ చేస్తే మామూలే. ఇంక భయం దేనికి?

ఒక్కోసారి అది ఆగిపోవడం కూడా కాదు. ఎప్పుడో తీసేసిన స్వాప్ పార్టిషన్ పేరు ఎఫ్‌స్టాబ్ ఫైల్లో మిగిలిపోతే, దానికోసం 90 సెకండ్లు ఎదురుచూస్తుంది. మనవాళ్ళు 60 సెకండ్లకే పవర్ బటన్ నొక్కేస్తారు! డిస్కే పాడైతే మాత్రం ఈ కిటుకులతో కాలక్షేపం చేయకుండా ముందు డేటా కాపీ చేసుకోవాలి.

మాస్టార్లు ఏమనుకోనంటే ఒక మాట. డెడ్‌లాక్‌కి నాలుగు షరతులు పరీక్షలో గడగడా రాసేస్తాం. కళ్ళెదుట తెర ఆగిపోతే షాపుకి పరుగెడతాం. 1991లో లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకి యూనివర్సిటీలో మనలాంటి విద్యార్థే కదా! ఆగిన తెరను చదవడం మన ల్యాబులో ఒక్క పూటైనా ఎందుకు నేర్పకూడదు?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటూ లెక్చర్లు దంచి, జూనియర్ల లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, తీరా ఆగిపోయాక ఫోనెత్తని అన్నలూ ఈ పాపంలో భాగస్వాములే. నేనూ ఇద్దరికి అలాగే చేశాను, ఒప్పుకుంటున్నాను.

యూనియన్ వారు నెలకో శనివారం ల్యాబు తాళం ఇప్పిస్తే మేం నలుగురం కూర్చోడానికి సిద్ధం. అందాకా మా గది తలుపు తెరిచే ఉంటుంది. రాత్రి పది దాటితే టీ మాత్రం మీరే తెచ్చుకోవాలి.