వంట కాగానే అమ్మ వాటా తీసి పెట్టండి

ఈ సంచికలో తల్లుల ఆరోగ్యాన్ని గురించి వ్రాస్తున్నాము. అయితే ఈ మాటలు తల్లుల కంటే వాళ్ళ ఇంటివాళ్ళు, సంఘ పెద్దలు, పాస్టరు గార్లు చదవడం ఎక్కువ అవసరం. తల్లులకు సలహాలిచ్చేవాళ్ళకు ఎన్నడూ కొదవలేదు. పెందలాడే లేవండి, పనికి టైం టేబుల్ వేసుకోండి, ప్రార్థన మానకండి, పిల్లలకు కూరగాయలు అలవాటు చేయండి అని అందరూ చెబుతారు. ఇల్లు, వంట, సంఘ పని సమంగా నడవడం ఆమె ఒక్కదాని నేర్పు మీదే ఉన్నట్టు మాట్లాడతారు. మేము దీనికి ఒప్పుకోము. బరువంతా ఒక్క మనిషి నెత్తిన పెట్టి, తిన్నగా నడవడం లేదని ఆమెనే అనడం న్యాయం కాదు.

మా ఓ.పి.కి నీరసం, ఆయాసం, కళ్ళు తిరుగుతున్నాయి అని వచ్చే తల్లులకు మొదట హిమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తాము. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. 7, 8 గ్రాములతో కూడా బస్సు దిగి నడిచి వస్తారు. రక్తం నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది గనుక శరీరం ఎలాగో సర్దుకుంటూ వస్తుంది. ఆమె మాత్రం పని ఎక్కువైంది, వయసు పైబడుతోంది అనుకుంటుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. పదిమందిలో ఆరుగురికి కాస్త తక్కువ. మన స్త్రీల సమాజం సభ్యులు ఈ లెక్కకు బయట ఉన్నారని అనుకోవడానికి మాకు ఏ కారణమూ కనబడదు.

"ఏం తింటున్నావమ్మా?" అని అడిగితే "అన్నీ తింటాను సిస్టర్ గారూ" అనే జవాబు వస్తుంది. ఈ జవాబుతో ఆగకూడదని మా పిల్లలకు, అంటే ట్రైనింగు నర్సులకు, మేము ఎప్పుడూ చెబుతుంటాము. నిన్న పొద్దున ఏమిటి, మధ్యాహ్నం ఏమిటి, రాత్రి ఏమిటి అని పూటపూటకూ విడదీసి అడగాలి. అప్పుడు అసలు సంగతి బయటకు వస్తుంది. పొద్దున రెండుసార్లు టీ, అందరి బాక్సులూ సర్దాక మిగిలిన ఒక్క ఇడ్లీ నిలబడే నోట్లో వేసుకోవడం, మధ్యాహ్నం అన్నంలోకి పచ్చడి, మజ్జిగ, రాత్రి అందరూ తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలిన పప్పు. ఆదివారం కోడికూర వండితే ముక్కలు ఆయనకు, పిల్లలకు, భోజనానికి వచ్చిన దైవసేవకునికి. ఆమెకు పులుసు. ఇది పేద ఇళ్ళ సంగతి మాత్రమే అనుకోవద్దు. ఇంట్లో ఫ్రిజ్, వాకిట్లో బండి ఉన్న ఇళ్ళలోనూ ఇదే వరస. నైట్ డ్యూటీ దిగి, క్వయర్‌లో నిలబడి, ఆరాధన అయ్యాక ఇంటికి పోయి పొయ్యి వెలిగించే నర్సులు మాలోనూ ఉన్నారు.

కొంతమంది తల్లులు చిక్కిపోరు, లావవుతారు. పిల్లల కంచంలో వదిలేసింది పారేయడం ఇష్టం లేక తినేది ఆమే, నిన్నటి అన్నం తాలింపు వేసుకుని తినేది ఆమే, కూడికలో మిగిలిన బిస్కెట్లు, మిక్చరు ఇంటికి తెచ్చుకునేదీ ఆమే. వేళ తప్పి, తొందరలో, ఎక్కువగా అన్నమే తింటే లావూ వస్తుంది, రక్తహీనతా ఉంటుంది. లావుగా ఉన్నామెకు రక్తం తక్కువ ఉండదు అనే మాట నమ్మవద్దు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు పురుషునికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, స్త్రీకి 29 కావాలి. నెలసరిలో పోయే రక్తమే దీనికి ముఖ్య కారణం. ఎక్కువ కావలసినది ఆమెకు, తక్కువ అందేది కూడా ఆమెకే. దీనికి ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు. తోటకూర పప్పు, గోంగూర, మునగాకు, ఉలవలు, శనగలు, గుడ్డు, వీలైనప్పుడు చేపలు, కాలేయం చాలు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే, భోజనం కాగానే ఒక జామకాయ ముక్క తింటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు వృథా. భోజనానికీ టీకీ మధ్య కనీసం ఒక గంట ఉండాలి. ఒక్క బెల్లం ముక్క, రెండు ఖర్జూరాలు, బీట్‌రూట్ రసంతో రక్తం పట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. తినండి, తప్పు లేదు, కానీ 8 గ్రాముల హిమోగ్లోబిన్‌ను అవి 12కు తీసుకురాలేవు. అక్కడ మాత్రలే కావాలి. అంతే కాదు, నెలసరి ఎక్కువగా పోవడం, కడుపులో కొంకిపురుగులు, మొలల రక్తం వంటివి ఉంటే ఎంత తిన్నా నిలవదు. అందుకే పరీక్ష అవసరం.

ఇక సంఘ పని. సంఘ పని తగ్గించుకోమని మేము ఏ తల్లికీ చెప్పము. ఎంతోమంది స్త్రీలకు వారంలో తమకోసం కూర్చునే గంట అదొక్కటే. పాటలోనూ ప్రార్థనలోనూ వాళ్ళు పొందే ఆదరణ మా మందుల బీరువాలో దొరకదు. మేము చెప్పేది సంఘం ఆ పనిని ఏర్పాటు చేసే పద్ధతి గురించి. గృహ కూడిక రాత్రి ఏడున్నరకు మొదలై పదింటికి ముగిస్తే, ఆ ఇంటి తల్లి సాయంత్రమంతా ఊడ్చి, చాపలు పరచి, వచ్చినవాళ్ళకు టీ, సమోసా ఇచ్చి, పదిన్నరకు పిల్లలకు అన్నం పెట్టి, పదకొండుకు తాను తింటుంది. ప్రేమ విందులో పొద్దుటినుంచి పొగలో నిలబడినవాళ్ళు చివరి పంక్తిలో కూర్చుంటారు. అప్పటికి బిర్యానీ ఉంటుంది, కూర ఉండదు. మార్త సంగతి ఏటా వింటున్నాము. ఆమెను తప్పుపట్టే ప్రసంగం వినేసి, ప్రసంగీకునికి మధ్యాహ్న భోజనం వడ్డించేది మాత్రం సంఘంలోని మార్తలే.

మే నెలలో తల్లుల దినం నాడు సామెతలు 31వ అధ్యాయం చదవని మందిరం ఉండదేమో. చీకటితో లేచే ఆ ఇల్లాలిని మనకు మాదిరిగా చూపిస్తారు. అదే 15వ వచనంలో ఆమెకు పనికత్తెలు ఉన్నారని కూడా వ్రాసి ఉంది. ఆ ముక్క దగ్గర ప్రసంగం ఎందుకో తొందరగా ముందుకు పోతుంది. మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తెను లేపిన తరువాత ప్రభువు ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నారు. అంత గొప్ప అద్భుతం జరిగిన చోట కూడా ఆ పిల్ల ఆకలి సంగతి ఆయన మరువలేదు. తల్లుల దినం నాడు ఈ భాగం మీద ఒక ప్రసంగం వినాలని మాకు ఎన్నాళ్ళనుంచో ఆశ.

ఉపవాస ప్రార్థన సంగతి విడిగా చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరుకు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా పూర్తి ఉపవాసం ఉండకూడదు. మాత్ర వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. తినడం లేదు కదా అని తమంతట తామే మాత్ర ఆపితే షుగరు పెరిగిపోవచ్చు. కూడికలో ఎవరికైనా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తికమకగా వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఇలాంటివాళ్ళు తిని వచ్చి ప్రార్థనలో కూర్చుంటే వాళ్ళ భక్తికి లోటేమీ లేదని పాస్టరు గారు మైకులో ఒక్క మాట చెప్పాలి. ఆ మాట మేము చెబితే సగం మందే వింటారు. ఆయన చెబితే అందరూ వింటారు.

మన తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అనే మంచి అలవాటు ఉంది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలవగానే దేవునికని ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అందరూ తిన్నాక మిగిలితే ఇద్దామని ఎవరూ అనుకోరు. ముందే తీస్తారు గనుకనే అది లేకుండా పోదు. అదే పద్ధతిలో పప్పు, కూర, గుడ్డు దించగానే అమ్మ వాటా ఒక మూత గిన్నెలోకి తీసి పెట్టండి అని మేము అడుగుతున్నాము. తీసేది ఆమె కాకూడదు. ఆమె చేతికి అప్పగిస్తే రాత్రికి ఆ గిన్నె పిల్లల కంచాల్లోకి వెళ్ళిపోతుంది. భర్త తీయాలి, లేదా ఎదిగిన కొడుకు తీయాలి. కూతురు తీసినా మంచిదే, కానీ ఆ పిల్లకూ మరో గిన్నె కావాలి.

సంఘంలో కూడా ఇది కష్టమేమీ కాదు. ప్రేమ విందులో వండినవాళ్ళను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి యౌవనస్థులు, సంఘ పెద్దలు వడ్డించవచ్చు. గృహ కూడికలో టీ, నూనె పిండివంటలు మానేసి మంచినీళ్ళు, ఒక అరటిపండు చాలనుకోవచ్చు, ఎనిమిదిన్నరకు ముగింపు ప్రార్థన చేయవచ్చు. మా మాటకు పెద్దలు కొందరు నవ్వవచ్చు. ముగింపు ప్రార్థన తమ చేతిలో ఉండదని, అది ఆత్మ నడిపింపని అనవచ్చు. ఆ ఇంట్లో మర్నాడు పరీక్షకు వెళ్ళే పిల్లలున్నారని గుర్తుచేస్తే చాలామంది అర్థం చేసుకుంటారు.

డాక్టరు గారు ఇనుము మాత్రలు వ్రాసి ఇస్తే టీతో, పాలతో వేసుకోవద్దు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. కాల్షియం మాత్ర కూడా అదే వేళకు వద్దు, వేరే పూట వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడనక్కరలేదు. మలబద్ధకం, వికారం ఉంటే మానేయకుండా వచ్చి చెప్పండి, మార్చి ఇస్తారు. రక్తం సరైన కొలతకు వచ్చాక కూడా, డాక్టరు చెప్పినట్టు మరికొన్ని నెలలు వాడితేనే నిలుస్తుంది.

స్త్రీల సమాజం వారు తేదీ చెబితే మా నర్సులు మీ మందిరానికే వచ్చి అందరికీ హిమోగ్లోబిన్ చూస్తారు. ఈ పరీక్షకు ఖాళీ కడుపుతో రానక్కరలేదు. ఆ రోజు పొద్దున టిఫిను తిని రండి.