ఖర్చు మనది, కత్తెర వారిదా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల అవతల ఉండి తెలుగులో రాస్తున్న మిత్రులకు ఒక మాట. పుస్తకం సొంతంగా వేసుకోవడం తక్కువ పని అనే అభిప్రాయం మనలో బలంగా నాటుకుపోయింది. పేరున్న సంస్థ ముద్ర పడితేనే రచయిత అట, లేకపోతే అచ్చులో పేరు చూసుకునే ఉబలాటంతో డబ్బు పారేసుకున్నవాడట! కామర్స్ చదువుకుని, ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో అప్పుల ఖాతాలు చూస్తున్నవాణ్ని కనక, ఈ లెక్కను ఒకసారి సరిచూడమంటున్నాను.

మాది పర్లాకిమిడి. ఉద్యోగం బరంపురంలో. నా కథల్ని ఆంధ్రదేశంలోని ఒక ప్రచురణ సంస్థకు పంపితే రెండు షరతులతో జవాబు వచ్చింది. ఒకటి, అచ్చు ఖర్చంతా నేనే భరించాలి. రెండు, 'పాఠకులకు తెలియని మాటలు' మార్చాలి. నా కథలో తమ్ముడు 'అప్పా' అని పిలుస్తాడు. మా వైపు అప్ప అంటే అక్క. దాన్ని అచ్చుతప్పుగా లెక్కగట్టి కొట్టేశారు. 'గుంటడు' కాస్తా 'కుర్రాడు' అయిపోయాడు. డబ్బు నాది, నష్టం వస్తే అదీ నాదే. అలాంటప్పుడు మా ఇంటి పిలుపును కత్తిరించే హక్కు వారికెక్కడిది? రాతప్రతిని వెనక్కి తెప్పించుకున్నాను.

ఉద్యోగ నిబంధనల ప్రకారం నేను వ్యాపారం చెయ్యరాదు. అందుకని నా భార్య యజమానిగా, ఆ సంగతి బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, చిన్న ప్రచురణ సంస్థ పెట్టాం. నలుగురూ భయపెట్టినంత తతంగం ఏమీ లేదు. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుంది.

ఇక జమాఖర్చులు. 160 పేజీల పుస్తకం, 300 ప్రతులు. కంపోజింగు, ముఖచిత్రం, అచ్చు అన్నీ కలిపి 28,500 రూపాయలయింది. వెల 180 పెట్టాం. అమ్మిపెట్టేవారికి నూటికి నలభై వదిలితే మనకు దక్కేది 108. అప్పుడు 264 ప్రతులు అమ్ముడైతేగాని అసలు రాదు. సభల్లో, తెలిసినవారి ఇళ్లలో చేతిమీద అమ్ముకుంటే 159 ప్రతులతోనే వచ్చేస్తుంది. 2024 డిసెంబరులో తపాలాశాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్టును ఎత్తేసి చిన్న ప్రచురణకర్తల నడ్డి విరిచింది. 2025 మే 1న మొదలైన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, దానిమీద పన్ను. మన కథల పుస్తకానికి ఆ తూకం సరిపోతుంది.

ఇదేమీ కొత్త దారి కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో 'తెలుగు' పత్రికను మా పర్లాకిమిడి నుంచే వెలువరించారు. వ్యావహారికాన్ని గ్రామ్యమని పండితులు తోసిపుచ్చుతున్న రోజులవి. వారి అనుమతి కోసం ఆయన కాచుకు కూర్చోలేదు. 1936లో ఆ ఊరు ఒడిషాలో కలిసింది. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, మర్నాడు మన ఊరి మాటను తప్పని దిద్దేవారిని ఏమనాలి?

"ఎవరి పుస్తకం వారే వేసుకుంటే చెత్త పేరుకుపోదా?" అంటారు. పేరుకుంటుంది, కాదనను. అందుకే రెండు కట్టుబాట్లు కావాలి. రాతప్రతిని మొహమాటం లేని చదువరి చేత దిద్దించాలి. సంస్థ వేసే రెండో పుస్తకం ఇంకొకరిదై ఉండాలి. తన పుస్తకం ఒక్కటి వేసుకుని ఊరుకుంటే దాన్ని సంస్థ అనడం దండగ. మేం ఇప్పుడు రాయగడలోని ఒక ఉపాధ్యాయిని కథలు అచ్చుకు సిద్ధం చేస్తున్నాం. ఆవిడ మాటల్లో ఒక్కటీ మార్చం.

1954 నాటి చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని మరి మూడు గ్రంథాలయాలకీ తన ఖర్చుతో ఒక్కో ప్రతి పంపాలి. దీన్ని భారమనుకోకండి. బడిలో తెలుగు దొరకని ఊళ్లలో మన పిల్లలు పెరుగుతున్నారు. ఇక్కడ తెలుగువారు ఇలా మాట్లాడేవారని రేపు ఎవరైనా వెతికితే దొరికే చోట్లవి. హోసూరు, బళ్లారి, షోలాపూరు, యానాం మిత్రులారా, మీ ఊరి చిరునామాతో, మీ ఊరి మాటతో ఒక్కో పుస్తకం అక్కడికి చేర్చండి.