సబ్ర్ చేయమనకండి, పిడి మార్చండి



మా గోదావరి జిల్లాల ఇళ్లలో ఒక ఆదత్ ఉంది. అమ్మీకో ఖాలాకో వేళ్లు బిగుసుకుపోయి లేసు సూది జారుతుంటే, "ఇక చాల్లే, ఆరామ్‌గా కూర్చో, సబ్ర్ చెయ్" అంటాం. అదే ఖిద్మత్ అనుకుంటాం. నేను దాన్ని జుల్మ్ అంటాను. ఆమె హునర్‌నీ, రోజీనీ మనమే లాగేసుకుంటున్నాం. డాక్టరు ఆపమంటే అది వేరే బాత్.

నరసాపురం లేసు గురించి మారియా మీస్ 1982లో పుస్తకం రాశారు. విదేశాలకెళ్లే సరుకు అల్లుతున్నా ఆ ఆడవాళ్లను ఇల్లాళ్లుగానే చూశారు, కార్మికులుగా లెక్కగట్టలేదని చూపించారు. మెహనత్‌నే లెక్కపెట్టనివాళ్లకు సూది గురించి ఫికర్ ఎందుకుంటుంది?

సన్నటి సూదిని వేళ్లతో గట్టిగా నొక్కి పట్టాలి. పిడి లావైతే వేళ్లు అంతగా ముడవక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబు ముక్కో, గుడ్డ పేలికో గట్టిగా చుట్టి చూడండి. కూరగాయల చాకుకీ, గరిటెకీ ఇదే ఇలాజ్.

ఖర్చనే బహానా ఇక్కడ చెల్లదు. తక్దీర్ అనే మాటా చెల్లదు. వికలాంగులకు తగిన సర్దుబాటు నిరాకరిస్తే అది వివక్షేనని 2016 చట్టం చెబుతోంది. కాబట్టి ఇది ఖైరాత్ కాదు, హక్.

మార్చలేని దానికి సబ్ర్ చేద్దాం. పిడిని మార్చగలం కదా! ఎంత లావు కావాలో, ఏ వేలు నొస్తోందో ముందు ఆమెనే అడగండి. ఈ జుమ్మాలోగా అడగండి.