యాభై రూపాయల సీలు!

తెల్లారితే పెళ్లికి ఊరెళ్లాలి. సర్వీసింగ్‌కి ఇచ్చిన కారు మాత్రం ఇంకా షెడ్డులోనే ఉంది. కారణం... యాభై రూపాయల రబ్బరు సీలు స్టాకులో లేదు!

కార్ల డీలర్ల దగ్గర విడిభాగాల విభాగంలో వేల రకాల వస్తువులుంటాయి. ఏడాది వాడకం విలువను బట్టి వాటిని ఏ, బి, సి వర్గాలుగా విడదీస్తారు. జనరల్‌ ఎలక్ట్రిక్‌ సంస్థకు చెందిన ఫోర్డ్‌ డికీ 1951లో ఈ పద్ధతిని వివరించాడు. విలువ ఎక్కువున్న 'ఏ' సరుకు మీదే అందరి కన్నూ. మరి చవకైన సీలు? 'సి'లో చేరి మరుగున పడుతుంది.

అందుకే మరో రెండు లెక్కలూ చూడాలి. ఒకటి, ఆ వస్తువు ఎంత తరచుగా కదులుతోంది? రెండు, అది లేకపోతే బండి ఆగిపోతుందా? ఆయిల్‌ ఫిల్టర్లు, బ్రేక్‌ ప్యాడ్లు రోజూ కావాలి. అవి కౌంటరు దగ్గరి అరల్లో ఉండాలి. ఎప్పుడో కానీ అడగని పాత మోడళ్ల బంపర్లు వెనక్కి వెళ్లాలి. ఏళ్ల తరబడి కదలని సరుకంటే ఇరుక్కుపోయిన డబ్బే. బండిని ఆపేసే చిన్న వస్తువులైతే నాలుగు ఎక్కువే ఉంచుకోవాలి.

వంటింట్లో చేసేదీ ఇదేగా! పోపులపెట్టె పొయ్యి పక్కన, పండగ గిన్నెలు అటక మీద. ఉప్పు చవకే... అలాగని నిండుకోనిస్తామా?