చరిత్ర తీర్పు - పౌరుని తీర్పు

‘నిదానమే ప్రధానం’ అన్నారు పెద్దలు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నవారూ ఆ పెద్దలే. ఈ రెండు సామెతలు పరస్పర విరుద్ధాలుగా తోస్తాయి. కాని పదవిలో ఉన్న పాలకుని గుణదోషాలను నిర్ణయించవలసి వచ్చినప్పుడు రెండింటినీ పాటించక తప్పదు. చరిత్ర నిదానంగా తీర్పు చెబుతుంది. ప్రజాస్వామ్యంలో పౌరునికి అంత వ్యవధి లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నాలుగేళ్ళకొకసారి అధ్యక్షుని ఎన్నిక జరుగుతుంది. రహస్య పత్రాలు వెలుగు చూసేదాకా, చరిత్రకారులు గ్రంథాలు రచించేదాకా అక్కడి ఓటరు ఆగలేడు. అట్లాగని తొందరపడి చెప్పిన తీర్పు తప్పు కాదన్న హామీ కూడా లేదు. మరి పౌరుడు ఏ ఆధారంతో తీర్పు చెప్పాలి?

ఈ ప్రశ్నకు హారీ ట్రూమన్ జీవితం చక్కని ఉదాహరణ. ఆయన మిస్సోరీ రాష్ట్రానికి చెందిన రైతు కుటుంబీకుడు. కళాశాల పట్టం లేనివాడు. యౌవనంలో బట్టల దుకాణం పెట్టి నష్టపోయినవాడు. ఉపాధ్యక్షుడై మూడు నెలలైనా నిండకముందే, 1945 ఏప్రిల్ 12న అధ్యక్షుడు రూజ్వెల్ట్ మరణించడంతో దేశభారం ఆయన భుజాలపై పడింది. ఆ సంవత్సరం జూన్‌లో గ్యాలప్ సంస్థ జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో 87 శాతం మంది ఆయన పాలనను మెచ్చుకున్నారు. 1952 ఫిబ్రవరి నాటికి అది 22 శాతానికి పడిపోయింది. కొరియా యుద్ధం ఎటూ తేలక సాగుతుండడం, ధరల పెరుగుదల, ప్రభుత్వ శాఖలలో అవినీతి ఆరోపణలు ప్రజలను విసిగించాయి. ఆయన మరల పోటీ చేయలేదు. 1953 జనవరిలో పదవి నుంచి వైదొలగి స్వగ్రామానికి వెళ్ళిపోయాడు.

అయితే కాలం గడిచేకొద్దీ ఆయన పాలన మరో రూపంలో కనిపించసాగింది. యుద్ధంలో శిథిలమైన పశ్చిమ ఐరోపాను నిలబెట్టడానికి దాదాపు 1,300 కోట్ల డాలర్లు సమకూర్చిన మార్షల్ ప్రణాళిక ఆయన హయాంలోనిదే. సోవియట్ యూనియన్ పశ్చిమ బెర్లిన్‌కు దారులు మూసివేసినప్పుడు, యుద్ధానికి దిగకుండా, ఆ నగర ప్రజలకు విమానాల ద్వారా ఆహారం, బొగ్గు చేరవేయించాడు. 1948 జులై 26న సైన్యంలో నల్లజాతివారి పట్ల వివక్షను తొలగించాలని ఉత్తర్వు జారీ చేశాడు. ఎన్నికలు ముంచుకొస్తున్న వేళ, సొంత పార్టీలోని దక్షిణ రాష్ట్రాల నాయకులు ఎదురు తిరిగినా వెనుకంజ వేయలేదు. 1962 నాటికే చరిత్రకారులు ఆయనను గొప్ప అధ్యక్షుల సరసన చేర్చదగినవాడన్నారు. 2021లో సీ-స్పాన్ సంస్థ జరిపిన చరిత్రకారుల మదింపులో ఆయనకు ఆరవ స్థానం లభించింది.

ఈ కథను పాలకులు తమకు అనుకూలంగా మలచుకొనే ప్రమాదం ఉంది. ‘నేడు ప్రజలు నన్ను నిందించవచ్చు; రేపు చరిత్ర నన్ను అర్థం చేసుకుంటుంది’ అన్న మాట ఎంతో మంది నాయకులకు కవచమైంది. కాని అప్రతిష్ఠ గొప్పతనానికి గుర్తు కాదు. అంతర్యుద్ధానికి ముందు పాలించిన జేమ్స్ బుకానన్ చరిత్ర తనను సమర్థిస్తుందని నమ్మాడు. ఒకటిన్నర శతాబ్దం దాటినా చరిత్రకారులు ఆయనను చిట్టచివరి స్థానాలలోనే ఉంచుతున్నారు. ప్రజాదరణ కూడా సచ్ఛీలతకు సాక్ష్యం కాదు. 1972లో 49 రాష్ట్రాలను గెలుచుకున్న రిచర్డ్ నిక్సన్, వాటర్‌గేట్ కుంభకోణం కారణంగా 1974 ఆగస్టు 9న రాజీనామా చేయవలసి వచ్చింది. ఆనాడు పత్రికలు, న్యాయస్థానాలు, శాసనసభ్యులు ‘తీర్పు చరిత్రకు వదిలేద్దాం’ అనుకొని ఊరుకొని ఉంటే, చరిత్రకు ఆ సాక్ష్యాలే దక్కేవి కావు.

చరిత్ర తీర్పు కూడా చిట్టచివరి తీర్పు కాదు. సీ-స్పాన్ మదింపులో 2000లో 33వ స్థానంలో ఉన్న యులిసిస్ గ్రాంట్ 2021 నాటికి 20వ స్థానానికి ఎగబాకాడు. అదే కాలంలో వుడ్రో విల్సన్ ఆరవ స్థానం నుంచి 13కు దిగజారాడు. మరణించిన అధ్యక్షులు కొత్తగా చేసిన పనులేమీ లేవు. మారినవి తరువాతి తరాల విలువలు. బానిసత్వం నుంచి విముక్తులైనవారి హక్కుల కోసం గ్రాంట్ చేసిన కృషికి విలువ పెరిగింది. ప్రభుత్వ కార్యాలయాలలో విల్సన్ అనుమతించిన జాతి వివక్షను ఉపేక్షించడం తగ్గింది. ట్రూమన్ విషయంలోనూ హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబుల ప్రయోగం గురించిన వివాదం నేటికీ సమసిపోలేదు.

కనుక పౌరుడు తన తీర్పును రెండు భాగాలుగా విభజించుకోవాలి. ఒక నిర్ణయం వల్ల చివరకు మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది కాలమే తేల్చాలి. మార్షల్ ప్రణాళిక ఫలిస్తుందని 1948లో ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కాని ఆ నిర్ణయం ఏ విధంగా తీసుకున్నారన్నది ఆనాడే పరిశీలించదగిన విషయం. పాలకుడు ప్రజలకు నిజం చెప్పాడా? నిపుణుల మాట విన్నాడా? రాజ్యాంగ పరిధిలో నిలిచాడా? తన నిర్ణయపు భారం ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించాడా? ఈ ప్రశ్నలకు సమాధానం కోసం యాభై ఏళ్ళు వేచి ఉండనక్కరలేదు.

ట్రూమన్ పాలనే ఇందుకు నిదర్శనం. 1951 ఏప్రిల్‌లో ఆయన సేనాని మెకార్థర్‌ను పదవి నుంచి తొలగించినప్పుడు దేశమంతటా నిరసన చెలరేగింది. కాని సైన్యం పౌర ప్రభుత్వానికి లోబడి ఉండాలన్న సూత్రం ఆ నిర్ణయానికి మూలమని ఆనాడే గ్రహించినవారున్నారు. 1952లో ఆయన ఉక్కు కర్మాగారాలను ప్రభుత్వాధీనం చేసినప్పుడు, అధ్యక్షునికి అట్టి అధికారం లేదని సుప్రీంకోర్టు రెండు నెలలు తిరగకముందే తీర్పు చెప్పింది. ట్రూమన్ ఆ తీర్పుకు తలవంచాడు. ప్రభుత్వోద్యోగుల దేశభక్తిని విచారించడానికి 1947లో ఆయన ప్రవేశపెట్టిన విధానంలో, నిందితునికి తనపై ఫిర్యాదు చేసినవారెవరో తెలుసుకొనే అవకాశం కూడా లేకపోయింది. ఆ లోపాన్ని సమకాలికులే ఎత్తిచూపారు. చరిత్ర వారి మాటను కొట్టివేయలేదు.

తెలుగువారికి ఇట్టి అనుభవం పరాయిది కాదు. 1991లో పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యేనాటికి దేశంలో విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితిలో ఉంది. ఆయన చేపట్టిన ఆర్థిక సంస్కరణలు దేశ గమనాన్ని మార్చాయి. అయినా 1996 ఎన్నికలలో ఆయన పార్టీ ఓడిపోయింది. 2004లో మరణించిన ఆయనకు 2024లో భారతరత్న లభించింది. అంతమాత్రాన 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత సందర్భంలో ఆయన వైఖరిపై వచ్చిన విమర్శ చెరిగిపోలేదు. సంస్కరణలకు దక్కిన కీర్తి ఒక పద్దు. ఆ విమర్శ మరొక పద్దు. ఒకదానితో మరొకటి చెల్లుబాటు కాదు.

పదునెనిమిదేళ్ళు నిండగానే ఓటుహక్కు పొందబోయే యువతీయువకులు గుర్తుంచుకోవలసినది ఇదే. చరిత్ర తేలుస్తుందని చెప్పి మౌనం వహించడం వివేకం కాదు. అది బాధ్యత నుంచి తప్పుకోవడం. నేటి అభిప్రాయమే శాశ్వత సత్యమని పట్టుబట్టడమూ వివేకం కాదు. తెలిసినంత మేరకు నిర్భయంగా తీర్పు చెప్పి, కొత్త సాక్ష్యం లభించినప్పుడు దానిని సవరించుకోవడానికి సిద్ధపడడమే పౌరధర్మం. రేపటి చరిత్రకారుడు తన గ్రంథానికి ఆధారాలు వెతికేటప్పుడు పాలకుల ప్రసంగాలతోపాటు ఆనాటి పౌరులు ఏమని ప్రశ్నించారో కూడా చూస్తాడు.