మోటారు వచ్చింది, గంప దిగలేదు

ఈమధ్య మన సభల్లో, పత్రికల్లో పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు పెరిగారు. సంతోషమే. అయితే ఆ మాటల్లో ఒకటి నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. చిన్న పడవకు చవక కరెంటు మోటారు బిగిస్తే డీజిలు ఖర్చు పోతుందట, సముద్రం శుభ్రమవుతుందట, మత్స్యకార స్త్రీకి సాధికారత వస్తుందట. మొదటి రెంటి సంగతీ ఇంజనీర్లు చూసుకుంటారని వదిలేయొచ్చు. మూడోది మాత్రం మనం వదిలేయకూడని మాట. స్త్రీల పేరు చెప్పి ఎవరు ఏం అమ్ముతున్నా, ధర ఎవరు చెల్లిస్తున్నారని అడగడం స్త్రీవాదులుగా మన పని.

సాహిత్యంలో డాక్టరేట్ చేసిన దానివి, మోటార్ల గొడవ నీకెందుకు అని నన్ను అడిగినవాళ్ళున్నారు. నేను వాడబలిజ ఇంటి ఆడపిల్లని. మా అమ్మమ్మ కళింగపట్నం దగ్గరి పల్లెలో చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. పడవకు తెడ్డు ఉన్నప్పుడూ, తెరచాప ఉన్నప్పుడూ, ఇంజను వచ్చాకా ఆమె రవాణా సాధనం ఆమె మెడే. నాకు ఈ విషయం మాట్లాడే అర్హత డాక్టరేట్ వల్ల వచ్చింది కాదు, ఆ మెడ వల్ల వచ్చింది.

ముందు ఆ మోటారు ఏమిటో చూద్దాం. చూడకుండా పొగడటం ఎంత తప్పో, చూడకుండా ఈసడించడమూ అంతే తప్పు. చవకగా దొరికేది పడవ వెనక చెక్కకు బిగించే చిన్న కరెంటు మోటారు. 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. 55 పౌండ్ల తోపుడు అని దానిమీద రాసి ఉంటుంది, అంటే సుమారు 25 కిలోలు. పూర్తి వేగంతో తిప్పితే 600 వాట్ల దాకా తీసుకుంటుంది. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1200 వాట్ అవర్లు, మన ఇంటి మీటరు లెక్కలో 1.2 యూనిట్లు. మామూలు సీసం బ్యాటరీని మాటిమాటికీ సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా చచ్చిపోతుంది. కాబట్టి చేతికొచ్చేది ఒక గంట పరుగు. వేగం సగానికి తగ్గిస్తే కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అప్పుడు అదే బ్యాటరీ చాలా గంటలు లాగుతుంది. అంటే ఇది నెమ్మదిగా, నిదానమైన నీళ్ళలో, దగ్గరి దూరాలకు పనికొచ్చే యంత్రం. అందులో దానికి సాటి లేదు. చప్పుడు లేదు, పొగ లేదు, ఒక పూట ఖర్చు ఒకటి రెండు యూనిట్ల కరెంటు.

ఇక మన తీరం సంగతి. ఫైబరు పడవ వెనక ఉండే 9.9 హార్స్‌పవర్ ఇంజను దాదాపు 7,400 వాట్లది. ఆ శక్తిని ఒక్క గంటసేపు ఇవ్వాలంటే పైన చెప్పిన సీసం బ్యాటరీలు పన్నెండు దాకా కావాలి. ఒక్కోటి 30 కిలోలు వేసుకుంటే 360 కిలోలు. అంటే వలా, ఐసూ, మనుషులూ ఎక్కకముందే పడవ సగం మునిగినట్టు. లిథియం బ్యాటరీలైతే బరువు నాలుగో వంతుకు దిగుతుంది గానీ ఖరీదు పెరిగిపోతుంది, 'చవక' అన్న మాట అక్కడితో ఆఖరు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం, విజయనగరానికి 28 కిలోమీటర్లు. ఇందులో చాలా పల్లెల్లో జెట్టీ లేదు. ఇసుక మీంచి పడవను నీళ్ళలోకి నెట్టి, రెండు అలల మధ్య సందు చూసుకుని కొన్ని సెకన్లలో దాటాలి. ఆ సెకన్లలో 25 కిలోల తోపుడును నమ్ముకోమని చెప్పేవాళ్ళు ఒక్కసారి చింతపల్లి ఒడ్డునో, బందరువానిపేట ఒడ్డునో నిలబడి అల విరగడం చూడాలి. ఉప్పునీరు వైర్ల జాయింట్లను తినేయడం వేరే కథ. అల మధ్యలో మోటారు ఆగిపోతే విధవ అయ్యేది సెమినారులో మాట్లాడినవాళ్ళు కాదు.

సరే, ఇవన్నీ రేపు బాగుపడతాయనుకుందాం. బ్యాటరీల ధర దిగుతోంది, మోటార్ల శక్తి పెరుగుతోంది. కేరళలో 2017 జనవరి నుంచీ వైక్కం - తవణక్కడవుల మధ్య 75 మంది కూర్చునే 'ఆదిత్య' సౌర పడవ కాయలు నీళ్ళ మీద నడుస్తోంది. మన అలల్ని దాటే కరెంటు పడవ కూడా వస్తుంది. అప్పుడైనా నా ప్రశ్న అలాగే ఉంటుంది. ఎందుకంటే ఈ వాగ్దానం మనకు కొత్త కాదు. పడవలకు మోటారు వచ్చినప్పుడు ఒకసారి విన్నాం.

మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్, అలలు దాటి ఇసుక మీదికి చేరే పడవల నమూనాలు తయారుచేయించింది. తర్వాత తెప్పలు ఫైబరువయ్యాయి, వాటికి ఇంజన్లు వచ్చాయి. మగవాళ్ళ భుజాలకు తెడ్డు బాధ తప్పింది. ఎక్కువ దూరం వెళ్ళారు, తొందరగా తిరిగొచ్చారు. ఇది చిన్న మేలు కాదు, నేను కాదనను. కానీ ఒడ్డున ఏం జరిగింది?

వేటకు వాటాల లెక్క ఉంటుంది. పడవకో వాటా, వలకో వాటా, మనుషులకు వాటాలు. ఇంజను వచ్చాక దానికీ వాటా వచ్చింది. చేతులు తప్ప ఇంకేం లేనివాడి పాలు ఆ మేరకు చిక్కిపోయింది. ఇంజను కొనడానికి లక్షల్లో అప్పు కావాలి, అప్పు షావుకారు ఇస్తాడు. వడ్డీ కంటే ముఖ్యం, ఆ అప్పుతో పాటు వచ్చే షరతు. పడ్డ చేప ముందు ఆయనకే చేరాలి, ఆయన చెప్పిన ధరకే. అంతకుముందు పడవ ఒడ్డుకు తగలగానే మొగుడి వాటాలోని చేపను గంపకెత్తుకునే హక్కు పెళ్ళానికి ఉండేది. ఆ హక్కు ఏ కాగితం మీదా లేదు కాబట్టి ఏ కాగితమూ లేకుండానే పోయింది. ఇప్పుడామె తన మొగుడు పట్టిన చేపనే వేలంలో, ఐసు పెట్టెలు వేసుకొచ్చిన వ్యాన్ల వాళ్ళతో పోటీపడి కొనుక్కోవాలి. చేతిలో డబ్బు లేకపోతే మిగిలిన చిన్న చేపలు ఏరుకుని, ఉప్పు రాసి, ఎండబెట్టి అమ్ముకోవాలి. నైలాను వలలు వచ్చినప్పుడు చేతి అల్లిక పని పోయినట్టే ఇదీ పోయింది. రెండుసార్లూ దాన్ని అభివృద్ధి అనే అన్నారు.

మా వైపు ఒక పెద్దామె నాతో అన్న మాట: "ఇంజనొచ్చినాక ఆలు బేగి వచ్చేత్తన్నారమ్మా. మనం బేగి ఎల్లడానికేటొచ్చింది?" ఈ ఒక్క ప్రశ్నకు మన నివేదికల్లో జవాబు లేదు. యంత్రం కాలాన్ని ఆదా చేస్తుందంటారు. ఎవరి కాలాన్ని? పడవ త్వరగా వస్తే ఆమె ఇంకా చీకటితో లేచి ఒడ్డున కాచుకుని ఉండాలి. చేప ఎక్కువ వస్తే ఇంకా ఎక్కువ మోయాలి.

ప్రభుత్వం డబ్బు ఎటు పోతుందో చూసినా ఇదే కనిపిస్తుంది. 2019లో డీజిలు రాయితీ లీటరుకు 9 రూపాయలకు పెంచారు. రిజిస్టరైన బోటుకే అది. ఆమె ఆటో కిరాయికి, ఐసుకు, ఉప్పుకు రాయితీ ఏది? తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే సాయం 2019లో 10,000 రూపాయలైంది. 2025 ఏప్రిల్‌లో ఎచ్చెర్ల నియోజకవర్గంలోని బుడగట్లపాలెంలో 'మత్స్యకారుల సేవలో' పేరుతో దాన్ని 20,000 చేశారు. మంచిదే. కానీ అర్హత లెక్క బోటెక్కి వేటకు వెళ్ళేవాళ్ళది. ఆ 61 రోజులూ గంప కూడా ఖాళీగానే ఉంటుందని ఏ ఫారంలోనూ గడి లేదు. చేప పట్టేవాడే మత్స్యకారుడు, చేపను అన్నంగా మార్చే మనిషి అతని కుటుంబ సభ్యురాలు. వ్యాకరణంలో మొదలైన ఈ అన్యాయం ఖజానా దాకా పోతుంది.

2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో స్త్రీలకు 60 శాతం రాయితీ, సాధారణ లబ్ధిదారులకు 40 శాతం. ఆ తేడాను నేను స్వాగతిస్తాను. అయితే పేరు ఆమెది, సంతకం ఆమెది, తాళం చెవి ఎవరి జేబులో ఉంటుందన్నది ఆ పథకం అడగదు. పొలాల విషయంలో, ఇళ్ళ పట్టాల విషయంలో ఈ తంతు మనం చూశాం. కరెంటు మోటారుకూ అదే పడుతుందని భయపడటం అతిశయోక్తి కాదు.

సాహిత్యం వాళ్ళం మనం కూడా ఇందులో నిర్దోషులం కాము. తకళి శివశంకర పిళ్ళై 'చెమ్మీన్' 1956లో వచ్చింది. ఒడ్డున భార్య శీలం చెడితే కడలి భర్తను మింగుతుందన్న నమ్మకం చుట్టూ దాని విషాదమంతా అల్లుకుని ఉంది. మనం ఆ ప్రేమకు కన్నీళ్ళు పెట్టుకున్నాం. కానీ ఆ నవలలో పడవ ఎలా వచ్చింది? కరుత్తమ్మ తండ్రి చెంబన్‌కుంజు, ఆమెను ప్రేమించిన పరీకుట్టి దగ్గర డబ్బు తీసుకుని పడవా వలా సమకూర్చుకుంటాడు, తిరిగి ఇవ్వడు. కూతురి మనసు తండ్రి పడవకు పెట్టుబడి అయింది. నా దృష్టిలో ఆ నవలకు అసలు కీలకం ఈ అప్పు. విమర్శకులు శీలం దగ్గర ఆగిపోయారు, అప్పుల చిట్టా తెరవలేదు.

మన కాలానికి వస్తే, 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్‌కు పట్టుబడినవాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులున్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర విడుదలయ్యారు. దాని ఆధారంగా 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. జనం ప్రేమకథ చూశారు. సొంత ఊరి ముందు సముద్రం పెట్టుకుని, పడవకు ఇంజను ఉండి కూడా, మగవాళ్ళు దేశం అవతలి ఒడ్డుకు కూలికి ఎందుకు పోతున్నారన్నది ఎందరు అడిగారు? వాళ్ళు జైల్లో ఉన్న పద్నాలుగు నెలలూ ఇళ్ళు నడిపిన ఆడవాళ్ళ లెక్క ఎవరు రాశారు? మోటారు మారిస్తే ఆ వలస ఆగుతుందని చెప్పేవాళ్ళు డీజిలు ఖర్చును చూస్తున్నారు, జెట్టీ లేకపోవడాన్నీ, అప్పునీ చూడటం లేదు.

ఇంతకీ నేను మోటారు వద్దంటున్నానా? లేదు. తెరచాప కోసం కవిత్వం రాసుకునే వాళ్ళతో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. తెడ్డు అందంగా ఉండేది దాన్ని వేయనివాళ్ళకే. నేను అడిగేది ఈ మోటారును దానికి తగిన నీళ్ళలో, తగిన చేతుల్లో పెట్టమని.

తగిన నీళ్ళు మనకున్నాయి. తాటిపూడి, మడ్డువలస, హిరమండలం జలాశయాలున్నాయి. నదీ ముఖాలున్నాయి, నౌపడ వైపు తంపర నీళ్ళున్నాయి. అక్కడ అల లేదు, దూరం తక్కువ, 25 కిలోల తోపుడు చాలు. ఆ మోటారూ బ్యాటరీలూ మహిళా సంఘం ఉమ్మడి ఆస్తిగా ఉండాలి, ఏ ఒక్క ఇంటి మగవాడి పేరు మీదా కాదు. బ్యాటరీ చార్జింగు కేంద్రం సంఘం నడపాలి, మోటారు విప్పి బిగించే పని ఆడపిల్లలకు నేర్పాలి. మోటారు వాటా సంఘానికి రావాలి. అదే బ్యాటరీ ఐసు పెట్టెకు, చేపలు మోసే మూడు చక్రాల బండికి కూడా ఉపయోగపడుతుంది. నన్నడిగితే మొదటి కరెంటు మోటారు పడవకు కాదు, ఆ బండికి రావాలి. ఒడ్డు నుంచి సంత దాకా ఉన్న దూరాన్ని ఇన్నేళ్ళుగా ఒక్క యంత్రమూ తగ్గించలేదు.

ఒక హెచ్చరిక కూడా. కొమరాడ మండలంలో పూర్ణపాడు - లాబేసు వంతెన పూర్తికాక నాగావళి అవతలి ఊళ్ళ జనం ఏళ్ళతరబడి నాటు పడవల మీద దాటారు, నెలలు నిండిన ఆడవాళ్ళతో సహా. అలాంటి చోట పడవకు మోటారు పెట్టి వంతెనను మరిచిపోయే తెలివి పాలకులకు ఉంటుంది. చవక యంత్రం హక్కుకు బదులుగా వస్తే దాన్ని తిప్పికొట్టాలి, హక్కుతో పాటు వస్తే తీసుకోవాలి.

మిత్రులారా, మనం రాసేవాళ్ళం. ఈ తీరం మీద ఇకపై రాసే వ్యాసంలోనైనా, కథలోనైనా, పరిశోధనలోనైనా పడవ కనిపించగానే మూడు ప్రశ్నలు వేద్దాం. అది ఎవరి పేరు మీద ఉంది? దాని అప్పు ఎవరికి కట్టాలి? చేప దిగాక ముందు ఎవరు తూస్తారు? ఈ మూడింటికీ జవాబుల్లో ఆడమనిషి కనిపించేదాకా, ఇంజను డీజిలుతో తిరిగినా కరెంటుతో తిరిగినా, దాన్ని సాధికారత అని మాత్రం అనకండి.