కప్పా వంతెన మీద మా అత్తగారు

జపాను వెళ్ళి వచ్చామనగానే అందరూ ముందు ఫ్యూజీ కొండ గురించే అడుగుతారు. అదీ చూశాం. కాని ఆ దేశం తలుచుకుంటే నా కళ్ళకి కట్టేది నాగనో ప్రాంతపు కొండల మధ్య ఉన్న కామికోచి లోయ.

మా తమ్ముడు టోకియోలో ఉద్యోగం చేస్తున్నాడు గదా అని, కిందటి అక్టోబరులో నేనూ మా అత్తగారూ వెళ్ళాం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అంచేత వాడు మత్సుమోతో ఊళ్ళో కారు అద్దెకి తీసుకున్నాడు. తీరా సావండో చేరేసరికి, కారు అక్కడే వదిలి బస్సెక్కమన్నారు! 1975లో మొదలుపెట్టిన కట్టడట. ఇప్పుడు ఏడాది పొడుగునా సొంత కార్లని లోయలోకి రానివ్వరు.

"ముసలివాళ్ళని కూడా చూడరూ?" అని అత్తగారు చిన్నబుచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ కష్టంగానే తోచింది.

బస్సు సొరంగం దాటి, తైషో చెరువు దగ్గర దింపింది. ఈ చెరువు పుట్టుక చిత్రమైనది. 1915 జూన్ 6న పక్కనున్న యాకెదాకె అగ్నిపర్వతం పేలి, బురద వచ్చి అజుసా నదికి అడ్డం పడింది. నీళ్ళు నిలిచిపోయి అడవి మునిగింది. ఆ చెట్లు మోళ్ళయి నీళ్ళల్లోనే నిలబడిపోయాయి. పాత ఫొటోలలో బోలెడు కనిపిస్తాయి. మాకు కనిపించినవి ఏవో కొన్ని. కొండ మీంచి కొట్టుకొచ్చే ఇసుకతో చెరువు పూడిపోతూంటే, పూడిక తీయిస్తూ ఉంటారట.

అత్తగారు గట్టున చతికిలబడ్డారు. గాలి లేదు. హొతకా శిఖరాలు నీళ్ళల్లో తలకిందులుగా కనిపిస్తున్నాయి. వాటిలో ఓకు-హొతకా ఎత్తు 3190 మీటర్లు. జపాను మొత్తానికి మూడోది. మేమున్న లోయే సుమారు 1500 మీటర్ల ఎత్తున ఉంది.

చాలాసేపటికి ఆవిడ, "అమ్మాయ్, ఒక్క హారను మోత వినపడలేదు, గమనించావా?" అన్నారు.

అక్కణ్ణించి అడవిలో చదునైన కాలిబాట. గంట నడక, మాకు రెండు గంటలు పట్టింది. లార్చ్ చెట్లు పసుపు పూసుకున్నట్టున్నాయి. నది అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు. ఈ కొండల అందాన్ని 1896లో పుస్తకం రాసి ఇంగ్లీషు వాళ్ళకి చెప్పిన వాల్టర్ వెస్టన్ అనే మతబోధకుడి ప్రతిమ ఒడ్డునే రాతిలో పొదిగి ఉంది.

చివర కప్పా వంతెన. తాళ్ళ మీద వేలాడినట్టుండే చెక్క వంతెన.

"కప్పల వంతెనా?" అన్నారు అత్తగారు.

"కాదండీ అత్తయ్యగారూ, కప్పా అంటే వీళ్ళ కథల్లో నీళ్ళల్లో ఉండే అల్లరి భూతం" అన్నాడు తమ్ముడు.

ఆవిడ వంతెన మధ్య నిలబడి ఒకపక్క హొతకానీ, రెండోపక్క యాకెదాకెనీ తనివితీరా చూశారు. "కారుంటే పది నిమిషాల్లో చూసేసి వెళ్ళిపోయేవాళ్ళం" అన్నారు.

వెళ్ళదలచిన వాళ్ళకి నాలుగు మాటలు: నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా లోయ మూసేస్తారు. అక్టోబరులో స్వెట్టరు తప్పనిసరి. కోతులకి ఏమీ పెట్టకూడదు. తెచ్చుకున్న పొట్లాల కాగితాలు మళ్ళీ మన సంచీలోనే రావాలి. ఎలుగుబంట్లుంటాయి కనుక చాలామంది సంచీకి చిరుగంట కట్టుకుంటారు. ఇంకొక్క మాట, మోకాళ్ళ నొప్పులున్నాయని ఇంట్లో పెద్దవాళ్ళని వదిలేసి వెళ్ళకండి.